అనిపించింది సరే, వినిపించింది ఏమిటి?

ఈ ఏడాది జులై 8న, అమెరికాలో మా ఇంటి దగ్గరి కాలేజీలో సంగీత పరిచయ తరగతి ఒకదానికి దరఖాస్తు పెట్టాను. డిసెంబరు 9న చివరి పరీక్ష రాశాను. మొన్న 16న ఫలితం చూసుకున్నాను. చేరేముందు, ఇలాంటి తరగతిలో కూర్చున్నవాళ్ళు ఎవరైనా తెలుగులో రాసి ఉంటారా అని చాలా వెతికాను. దొరకలేదు. అందుకని జరిగింది జరిగినట్టు నేనే రాస్తున్నాను.

మేముండేది డాలస్ పక్కన. ఇంటికి పది నిమిషాల దూరంలో, స్థానికులు తక్కువ ఫీజుతో చదువుకునే కమ్యూనిటీ కాలేజీ ఒకటి ఉంది. పంతొమ్మిదేళ్ళుగా దాని ముందు నుంచే కూరగాయలకు వెళ్తున్నాను కానీ ఒక్కసారీ లోపలికి అడుగు పెట్టలేదు. మా అమ్మాయి ఆగస్టులో ఆస్టిన్‌కు చదువుకు వెళ్ళిపోతుందన్న బెంగతోనే జూన్ అంతా గడిచింది. అమ్మాయి కోసం ఆ కాలేజీ తరగతుల జాబితా చూస్తుంటే ప్రపంచ సంగీత రీతుల పరిచయ తరగతి ఒకటి నా కంట పడింది. మూడు క్రెడిట్లు. సంగీతం ముందే తెలిసి ఉండనక్కరలేదు. వయసు పరిమితి లేదు. నాకు నలభై ఆరు.

రాజమండ్రిలో చిన్నప్పుడు మూడేళ్ళు సంగీతం నేర్చుకున్నాను. సరళీ స్వరాలు, జంట స్వరాలు, అలంకారాలు, నాలుగు గీతాలు. నాన్నగారికి బదిలీ అయింది, మాస్టారి ఇంటికి వెళ్ళడం ఆగింది, మళ్ళీ మొదలుపెట్టనేలేదు. ఆ వెలితి మనసులో ఒక మూల ఉండిపోయింది. ఈ తరగతిలో చేరితే కొంత తీరుతుందనుకున్నాను. కాస్త సంగీతం తెలిసినదాన్ని కనుక కష్టం ఉండదని కూడా గట్టిగా నమ్మాను.

దరఖాస్తుకు డబ్బు కట్టనక్కరలేదు. ఇదే కౌంటీలో ఉంటున్నామని రుజువు చూపిస్తే ఫీజు బాగా తగ్గుతుంది. డ్రైవింగ్ లైసెన్సు, ఇంటి పన్ను రశీదు ఇచ్చాను. టెక్సస్‌లో కాలేజీలో చేరేవాళ్ళకు మెనింజైటిస్ టీకా తప్పనిసరి అని ఎవరో చెబితే డాక్టరు దగ్గర సమయం కూడా తీసుకున్నాను. అది ఇరవై రెండేళ్ళ లోపు వాళ్ళకేనట. నా డిగ్రీ మార్కుల జాబితాలు పంపమని రాజమండ్రిలో ఉన్న అక్కకు ఫోను చేశాను. పాపం, అక్క అటకెక్కి పెట్టె దింపించింది. తీరా చూస్తే, పట్టా కోసం కాకుండా ఒక్క తరగతికే చేరేవాళ్ళకు అవేవీ అక్కరలేదన్నారు. మన డిగ్రీ ఇక్కడి ఏ చదువుకు సమానమో తేల్చే సంస్థలకు నూటయాభై డాలర్లకు పైగా కట్టబోయి ఆగాను. ఒక్క తరగతి కోసం చేరేవాళ్ళు ముందు సలహాదారును అడగండి, ఆ తరువాతే డబ్బు తీయండి. పదిహేడు రోజులకు, జులై 25న, ప్రవేశం ఖాయమైందని సమాచారం వచ్చింది. ఫీజు 237 డాలర్లు. సోమ, బుధ వారాల్లో పదకొండు నుంచి పన్నెండూ ఇరవై వరకు తరగతి.

పుస్తకం 92 డాలర్లు. పుస్తకం అంటున్నాను గానీ చేతికి వచ్చింది ఒక కోడ్ మాత్రమే. ఆరు నెలలకు దాని గడువు తీరిపోతుంది, పాటల రికార్డింగులూ దానితోపాటే పోతాయి. వారం వారం రాయాల్సిన చిన్న పరీక్షలు అందులోనే ఉంటాయి కనుక కొనక తప్పదు. ఆ రికార్డింగుల్లో చాలా భాగం కాలేజీ గ్రంథాలయం ద్వారా ఉచితంగా వినవచ్చని అక్టోబరు దాకా నాకు తెలియలేదు.

ఆగస్టు 26, సోమవారం. మొదటి తరగతి. ఇరవై ఎనిమిది మందిమి. దాదాపు అందరూ మా అమ్మాయి ఈడువాళ్ళు. మా అధ్యాపకుడు క్లారినెట్ వాయిస్తారు, అరవై దాటిన మనిషి. నా మనసులో ఆయన మొదటి రోజు నుంచీ మాస్టారే. ఆయన లోపలికి వచ్చి, ఏమీ మాట్లాడకుండా దీపాలు ఆర్పి మూడు నిమిషాల సంగీతం వినిపించారు. ఏదో వెదురు వాద్యం. జపాన్ వాళ్ళ షాకుహాచి అని తరువాత తెలిసింది. దీపాలు వేసి, ఏమి విన్నారో రాయమన్నారు. నేను ‘దిగులుగా ఉంది, ఒంటరితనం ఉంది’ అని రాశాను. ఆయన బల్లల మధ్య తిరుగుతూ నా కాగితం చూసి, అది మీకు కలిగిన భావం, నేను అడిగింది మీరు విన్నదాని గురించి అన్నారు. ఇంటికి వచ్చాక ఆ మాటను నోటు పుస్తకం మొదటి పేజీలో తెలుగులో రాసుకున్నాను: అనిపించింది సరే, వినిపించింది ఏమిటి?

ఊపిరి శబ్దం వినిపించింది కదా. ఒకే స్వరం సన్నగా మొదలై లావై మళ్ళీ సన్నబడింది కదా. రెండు పలుకుల మధ్య చాలాసేపు నిశ్శబ్దం ఉంది కదా. అవేవీ నేను రాయలేదు.

తరువాతి మూడు వారాలు పరిభాషతో సరిపోయాయి. వాద్యాల వర్గీకరణ వచ్చిన రోజు మాత్రం నాకు గుర్తుండిపోయింది. 1914లో హార్న్‌బోస్టెల్, సాక్స్ అనే ఇద్దరు పండితులు లోకంలోని వాద్యాలన్నిటినీ నాలుగు రకాలుగా విభజించారని బోర్డు మీద రాశారు. తీగ కంపించేవి, గాలి కంపించేవి, చర్మం కంపించేవి, వాద్యం ఒళ్ళే కంపించేవి. నాకు ఒళ్ళు ఝల్లుమంది. తతం, సుషిరం, అవనద్ధం, ఘనం అని రాజమండ్రిలో మా మాస్టారు వల్లె వేయించింది ఇదే. నాట్యశాస్త్రంలోని విభజన. చేయి ఎత్తి చెప్పాను. ఆయన రాసుకుని, బుధవారం నాడు వివరంతో వచ్చారు. 1876లో కలకత్తా నుంచి సౌరీంద్రమోహన్ ఠాకూర్ బెల్జియం రాజుకు దాదాపు వంద భారతీయ వాద్యాలు పంపారట. అవి బ్రసెల్స్ సంగీత విద్యాలయపు మ్యూజియానికి చేరాయి. అక్కడి అధిపతి మయ్యోఁ తన వాద్యాల పట్టికను నాలుగు తరగతులుగా చేశాడు. దాన్నే ఆ ఇద్దరు పండితులూ విస్తరించారు. ఇది చెబుతూ ఆయన నా వంక చూసి తల పంకించారు. ఆ రోజంతా నేల మీద నడిచినట్టు లేదు.

సెప్టెంబరు 25న మొదటి పరీక్ష. ఇరవై ముక్కలు, ఒక్కొక్కటి నలభై సెకన్లు. ఒక్కసారే వినిపిస్తారు. ఏ ప్రాంతానిది, ప్రధాన వాద్యం ఏది, ఎన్ని గొంతులు ఎలా కలుస్తున్నాయి, నడక రెండేసి దెబ్బలదా మూడేసి దెబ్బలదా రాయాలి. రాయడం పూర్తయ్యేలోపే తరువాతిది మొదలవుతుంది. ఫలితానికి వారం ఆగాలి. అక్టోబరు 2న కాగితం చేతికి వచ్చింది. నూటికి 56.

కారులో కూర్చుని చాలాసేపు ఏడ్చాను. మావారికి రాత్రి భోజనాలయ్యాక చెప్పాను. ఆయన కాగితం తిరగేసి చూసి, రాసింది తప్పయినా శ్రద్ధగా రాశావు అన్నారు. తప్పులు ఎలాంటివో చెబితే మీకు అర్థమవుతుంది. టర్కీ వాళ్ళ జుర్నా అనే ఊదే వాద్యాన్ని నాదస్వరం అని రాశాను. ఈజిప్టు కానూన్ అనే తీగ వాద్యాన్ని మన సంతూర్ అన్నాను. జింబాబ్వేలోని షోనా ప్రజలు చెక్క పలక మీది లోహపు నాలికలను వేళ్ళతో మీటి వాయించే ఎంబీరాకు జవాబు రాయకుండా, ‘రికార్డింగు బాగులేదు, గరగర వస్తోంది’ అని రాశాను. ఆ గరగర కావాలనే పెట్టుకున్నది. ఎంబీరా పలక మీద, బుర్ర మీద గవ్వలో సీసా మూతలో బిగిస్తారు. ఆ ఝుమ్మనే ధ్వని లేకపోతే వాళ్ళకు ఆ వాద్యం పలికినట్టే ఉండదు. మన తంబురా తీగల కింద దారప్పోగు పెట్టి నాదానికి జీవం తెప్పించడం నాకు తెలుసు. తెలిసి కూడా వినలేకపోయాను.

అమ్మాయి ఫోను చేసి, ‘అమ్మా, వారానికి ఎన్ని గంటలు చదువుతున్నావు, ఎన్ని గంటలు వింటున్నావు?’ అని అడిగింది. చదివేది ఆరు, వినేది ఒకటి. ‘నువ్వు రాసేది చెవితో కదమ్మా’ అంది. పుస్తకంలో పసుపు గీతలు గీసుకుంటూ కూర్చున్నదాన్ని ఆ రాత్రే మానేశాను.

అక్టోబరు 7న మాస్టారి గదికి వెళ్ళాను. విద్యార్థుల కోసం వారానికి రెండు గంటలు ఆయన గదిలో ఉంటారు. చాలామంది పిల్లలు వెళ్ళరు, మీరు తప్పక వెళ్ళండి. ఆయన రెండు మూడు ముక్కలు వినిపించి, వింటున్నప్పుడు లోపల ఏమి చేస్తున్నారో బయటికి చెప్పమన్నారు. నేను చెబుతూ పోతుంటే నాకే తెలిసింది. పాట మొదలుకాగానే నేను ఆధార షడ్జం, అంటే పాటకు మూలమైన ‘స’, వెతుకుతున్నాను, తరువాత ఇది ఏ రాగమో వెతుకుతున్నాను, తరువాత సమం, అంటే తాళం మొదటి దెబ్బ, ఎక్కడో వెతుకుతున్నాను. దొరక్కపోతే కంగారు పడుతున్నాను. ఈ వెతుకులాటలోనే నలభై సెకన్లూ అయిపోతున్నాయి.

మందుగా ఆయన జర్మన్ స్వరకర్త బాఖ్ నాలుగు గొంతుల చిన్న ఫ్యూగ్ ఒకటి ఇచ్చారు. ఒకే బాణీని గొంతులు ఒకదాని తరువాత ఒకటి ఎత్తుకునే రచన అది. ఆర్గన్ మీద వాయించేది. మొత్తం వినవద్దు, అట్టడుగున కాళ్ళతో వాయించే గొంతు ఒక్కటే వినండి అన్నారు. పదకొండు సాయంత్రాలు విన్నాను. 48 డాలర్లు పెట్టి చెవి మూసుకునేలా ఉండే హెడ్‌ఫోను కొన్నాను, ఫోనుతో వచ్చిన దానిలో ఆ అడుగు ధ్వని అసలు పలకదు. మొదటి మూడు రోజులు ఒక్కటే ముద్దగా వినిపించింది. నాలుగో రోజు, వంటింట్లో పప్పు కుక్కరు పెట్టి వింటుంటే, అడుగున ఒక బరువైన గొంతు అందరికంటే ఆలస్యంగా వచ్చి అదే మాటను తనూ ఎత్తుకోవడం స్పష్టంగా వినిపించింది. ముందు వచ్చిన మూడు గొంతులూ ఆగలేదు, తమ దారిన తాము పోతూనే ఉన్నాయి. నలుగురు మనుషులు ఒకేసారి మాట్లాడుతుంటే నలుగురి మాటా అర్థమైనట్టు ఉంది. స్టవ్ కట్టేసి మళ్ళీ మొదటి నుంచి పెట్టుకున్నాను.

అక్టోబరు 12, శనివారం, విజయదశమి. గంటంబావు దూరంలోని ఒక విశ్వవిద్యాలయంలో ఉన్న గామెలాన్, అంటే ఇండొనేషియాలోని జావా దీవి కంచు వాద్యాల బృందం, దగ్గరికి మా తరగతిని తీసుకువెళ్ళారు. తెల్లవారే పూజ ముగించుకుని, పులిహోర కట్టుకుని వెళ్ళాను. గది గుమ్మం ముందే చెప్పులు విప్పించారు. వాద్యాల మీదుగా దాటకూడదు, పక్క నుంచి తిరిగి వెళ్ళాలి. బృందాన్ని నడిపే జావా ఆవిడ ముందు చెప్పిన మాట అదే. జావాలో పెద్ద గాంగుకు గురువారం రాత్రి పూలు, ధూపం పెడతారని కూడా చెప్పింది. ఆ ఉదయమే ఇంట్లో శ్రుతిపెట్టెకు పసుపు కుంకుమలు పెట్టి వచ్చిన నాకు, ఎదురుగా చెక్క చట్రానికి వేలాడుతున్న ఆ కంచు గాంగును చూసి చేతులు వాటంతటవే జోడించుకున్నాయి.

నన్ను సారోన్ ముందు కూర్చోబెట్టారు. చెక్క తొట్టి మీద వరసగా పరిచిన కంచు పలకలు. కుడి చేతిలో చెక్క సుత్తి. కొట్టడం తేలికే. కష్టమంతా ఎడమ చేతిది. తరువాతి పలకను కొట్టే క్షణంలోనే అంతకుముందు కొట్టిన పలక అంచును ఎడమ చేతి వేళ్ళతో పట్టుకుని దాని మోతను ఆపాలి. కాస్త ముందు పట్టుకుంటే పాట తెగుతుంది, కాస్త వెనుక పట్టుకుంటే రెండు మోతలు కలిసి రొదవుతుంది. పది నిమిషాల్లో బొటనవేలు ఎర్రబడింది.

బోర్డు మీద స్వరాలను అంకెలతో రాశారు. 1, 2, 3, 5, 6. పదహారు దెబ్బల ఆవర్తనం, నాలుగేసి దెబ్బలకు ఒకసారి కెనొంగ్ అనే బోర్లించిన గిన్నెలాంటి వాద్యం మోగుతుంది, పదహారో దెబ్బకు పెద్ద గాంగు. నాకు ఆదితాళం వచ్చు, పదహారు ఎంత అనుకున్నాను. ఎత్తుగడ వాయించారు, గాంగు మోగింది, నేను మొదటి అంకె కొట్టాను. అందరికంటే ఒక దెబ్బ ముందున్నాను. మళ్ళీ మొదలుపెట్టారు, మళ్ళీ అంతే. నాలుగుసార్లు. ఆవిడ నా పక్కన వచ్చి కూర్చుని, మీరు గాంగును మొదలు అనుకుంటున్నారు, అది ముగింపు అంది.

మనకు ఆవర్తనం మొదటి దెబ్బ మీద బరువు. సమం దగ్గర కలుసుకుంటాం. వాళ్ళకు బరువు చివరి దెబ్బది. నాలుగు దెబ్బల్లో నాలుగోది గట్టిది, పదహారులో పదహారోది అన్నిటికంటే గట్టిది. అడుగులన్నీ దాని వైపే నడుస్తాయి. ఐదోసారి లెక్కపెట్టడం మానేసి కళ్ళు మూసుకుని గాంగు కోసం ఎదురుచూశాను. అది మోగి, దాని మోత గదిలో అలలుగా ఊగుతుండగా నా మొదటి దెబ్బ వేశాను. సరిపోయింది. 1889లో పారిస్ ప్రదర్శనలో జావా గామెలాన్ విని ఫ్రెంచి స్వరకర్త దెబుస్సీ ఎంతగానో కదిలిపోయాడని పుస్తకంలో చదివాను. చదివినప్పుడు అది పరీక్షకు పనికొచ్చే సంగతి మాత్రమే. ఆ గది నుంచి బయటికి వచ్చి చెప్పులు వేసుకుంటుంటే ఆయన ఏమి విని ఉంటాడో కొంత తెలిసింది.

రెండో పరీక్ష అక్టోబరు 16న. 71.

అక్టోబరు 21న అరబ్బు సంగీతం మొదలైంది. ఊద్ అనే తీగ వాద్యం మీద ఒక వాద్యకారుడు తాళం లేకుండా మెల్లగా ఆలాపన చేస్తున్న రికార్డింగు పెట్టారు. నాలుగైదు స్వరాలు విన్నానో లేదో నాకు గొంతు పట్టేసింది. అది మాయామాళవగౌళ రాగం. రాజమండ్రి మాస్టారి ఇంటి అరుగు, తెల్లవారుజామున గోదావరి గట్టు మీది నుంచి వచ్చే చలిగాలి, స రి గ మ అని మొదటి పాఠం. వాళ్ళు దాన్ని హిజాజ్ కార్ అంటారట. తరగతి అయ్యాక వెళ్ళి మాస్టారికి చెప్పాను. ఆయన సంతోషించి, మళ్ళీ పెట్టి, రెండో స్వరం ఎంత ఎత్తున ఉందో వినమన్నారు. మన రిషభం కంటే కాస్త ఎత్తు. నడక కూడా వేరు. మెట్లు దాదాపు అవే, ఎక్కే తీరు వేరు. నెల రోజుల క్రితమైతే ‘ఇది మన రాగమే’ అని అక్కడితో వినడం ఆపేసేదాన్ని.

ఆ వారమే ఈజిప్టు గాయని ఉమ్ కుల్‌సూమ్‌ను విన్నాం. నెలకు మొదటి గురువారం రాత్రి ఆమె కచేరీ కైరో రేడియోలో వస్తుంటే అరబ్బు దేశాలన్నీ వినేవి. ఒకే చరణాన్ని శ్రోతలు అడిగినకొద్దీ మళ్ళీ మళ్ళీ, ప్రతిసారీ కొత్తగా పాడుతుంది. శ్రోతలు ఉండబట్టలేక అరుస్తారు. ఆ పరవశానికి వాళ్ళ మాట తరబ్. ఒకే పాదాన్ని రకరకాలుగా పాడే నెరవులో మునిగిన పెద్ద విద్వాంసుల దగ్గర నేను చూసినది అదే.

పశ్చిమాఫ్రికా వారంలో మాత్రం నా చిన్ననాటి చదువు నాకు తోడు నిలిచింది. ఘనాలోని ఎవె ప్రజల గంట నడక ఒకటి చప్పట్లతో నేర్పారు. పన్నెండు మాత్రల్లో ఏడు దెబ్బలు. పిల్లలు తడబడుతుంటే నేను తకిట నాలుగుసార్లు, తకధిమి మూడుసార్లు నోటితో అంటూ రెండు చేతుల్లో రెండూ వేసి చూపించాను. పన్నెండును ఒకేసారి మూడుగానూ నాలుగుగానూ వినాలి. అందరూ నేర్చుకున్నారు.

నవంబరు 4న బ్లూస్, అమెరికా నల్లజాతివాళ్ళ పాటల రీతి. పన్నెండు గడుల ఆవర్తనం, మొదటి పాదం రెండుసార్లు, మూడో పాదం దానికి జవాబు. గాయకుడు ఒక మాట అంటే గిటారు వంత పాడుతుంది. బుర్రకథలో కథకుడికి పక్కనున్న ఇద్దరూ వంత పాడినట్టే గిటారు ఆ గాయకుడికి వంత. పత్తి చేలలో నల్లజాతి కూలీలు పనిచేస్తూ పాడుకున్న పాటల దాకా దీని వేళ్ళు వెళ్తాయని చెప్పినప్పుడు మా అమ్మమ్మగారి ఊళ్ళో నాట్లు వేసే ఆడవాళ్ళ పాటలు చెవిలో మెదిలాయి. అయితే ఆ వారం నన్ను కదిలించింది వేరొకటి. రాబర్ట్ జాన్సన్ అనే గాయకుడు తన జీవితంలో రికార్డు చేసినవి 29 పాటలు. అందులో 13 పాటలు 1937 జూన్ 19, 20 తేదీల్లో డాలస్‌లోనే, 508 పార్క్ అవెన్యూలో రికార్డయ్యాయి. మరుసటి ఏడాదే ఇరవై ఏడేళ్ళకు చనిపోయాడు. పంతొమ్మిదేళ్ళుగా ఈ ఊళ్ళో ఉంటూ ఆ వీధి పేరు నేను వినలేదు. ఆ ఆదివారం మావారు కారులో తీసుకువెళ్ళారు. ఆ కట్టడం ఇంకా ఉంది. ఎదురుగా కారు ఆపుకుని, హెడ్‌ఫోను చెరో వైపు పెట్టుకుని రెండు పాటలు విన్నాం.

మూడో పరీక్ష నవంబరు 6న అయింది. 84. అప్పటికి వినేది వారానికి ఏడు గంటలు, చదివేది రెండు.

నవంబరు 13న భారతదేశం. అందులో పదిహేను నిమిషాలు మీరు చెప్పండి అన్నారు మాస్టారు. నాలుగు సాయంత్రాలు సిద్ధమయ్యాను. గమకం, అంటే స్వరాన్ని ఊపుతూ జారుస్తూ పలకడం, ఏమిటో సంగీతం తెలియనివాళ్ళకు చెప్పాలని కూర్చుంటే నాకే మాటలు రాలేదు. చివరికి మాస్టారిని పియానో మీద వాళ్ళ మేజర్ స్కేలు వాయించమని అడిగి, వెంటనే అవే ఏడు స్వరాల శంకరాభరణ రాగం రికార్డింగు పెట్టాను. స్వరాలు అవే. ఒక స్వరం నుంచి మరో స్వరానికి వెళ్ళే దారే సంగీతమైంది మన దగ్గర. పిల్లల ముఖాల్లో తెలిసిపోయింది.

త్యాగరాజస్వామి (1767–1847) గురించి చెప్పాను. తమిళనాట తిరువయ్యారులో ఉండి తెలుగులో కీర్తనలు రచించారని, తెలుగు రానివాళ్ళు కూడా వాటిని జీవితమంతా సాధన చేస్తారని చెప్పాను. ఒక అమ్మాయి, మీకు ప్రతి మాటా అర్థమవుతుందా అని అడిగింది. అవునన్నాను. అలా అన్నాక, ఇంత భాగ్యం ఉండి ఎన్నేళ్ళు ఆ మాటల మీద ధ్యాస లేకుండా విన్నానో తలుచుకుని బాధ కలిగింది.

కర్ణాటక సంగీత వాగ్గేయకారుడు ముత్తుస్వామి దీక్షితర్ నొట్టుస్వరాల్లో ఒకటి వినిపించాను. మద్రాసులో ఇంగ్లిషు బ్యాండు వాయించే బాణీలకు ఆయన రాసిన సంస్కృత కీర్తనలవి. రెండో పాదానికి గదిలో కలకలం. అది బ్రిటిష్ జాతీయగీతం బాణీ. అమెరికాలో అదే బాణీకి దేశభక్తి గీతం ఉంది, బడిలో అందరూ పాడినదే. ఇరవై ఎనిమిది మందీ సంస్కృతానికి గొంతు కలిపారు. ఆయన తమ్ముడు బాలుస్వామి దీక్షితర్ ద్వారానే వయొలిన్ మన కచేరీలోకి వచ్చిందని చెప్పి, మన విద్వాంసులు కింద కూర్చుని వయొలిన్ కొసను పాదం మీద ఆనించి వాయించే ఫోటో చూపించాను.

చివర ఫోనులో శ్రుతి పెట్టుకుని మొదటి సరళీ స్వరం పాడాను. నలుగురి ముందు పాడి ముప్పై అయిదేళ్ళు. పై షడ్జం దగ్గర గొంతు వణికింది గానీ ఆగలేదు.

నా పక్కన కూర్చునే కుర్రాడిది వియత్నాం కుటుంబం. ఆ జారుడు మా నాయనమ్మ వాద్యంలో ఉంటుందండీ అన్నాడు. సోమవారం దాన్ని తెచ్చాడు. డాన్ బౌ. పొడవాటి పెట్టె, దాని మీద ఒకే ఒక్క తీగ, చివర వంగే సన్నని కర్ర, కర్ర మొదట్లో చిన్న బుర్ర. కుడి చేతి అంచుతో తీగను తేలికగా తాకుతూ మీటాలి, ఎడమ చేత్తో కర్రను వంచితే స్వరం కిందికీ పైకీ జారుతుంది. అతను నా చేతికి ఇచ్చాడు. కర్రను కొద్దిగా అటూ ఇటూ ఊపేసరికి గాంధారం ఊగింది. చిన్నప్పుడు మాస్టారు ఎన్నిసార్లు చెప్పినా నా గొంతులో పలకని ఊపు, వియత్నాం వాద్యం మీద నా వేళ్ళ కింద పలికింది.

రెండు కచేరీలకు వెళ్ళి ఆరేసి వందల మాటల్లో నివేదిక రాయాలి. ఒకటి పాశ్చాత్యం, ఒకటి మరో సంప్రదాయం. టికెట్టు ముక్క, కార్యక్రమ పత్రం జతచేయాలి, పారేయకండి. మొదటిదానికి నవంబరు 23న డాలస్‌లోని మేయర్సన్ సంగీత హాలుకు వెళ్ళాం. టికెట్టు 38 డాలర్లు, కారు నిలిపినందుకు 20. సింఫొనీ అంటే పెద్ద వాద్యబృందం భాగాలుగా వాయించే రచన. దానిలో మొదటి భాగం ముగియగానే చప్పట్లకు నా చేతులు లేచాయి. హాలంతా నిశ్శబ్దం. పక్కనున్న పెద్దావిడ నా మోచేతి మీద మెల్లగా చేయి వేసి నవ్వింది. నాలుగు భాగాలూ అయ్యాకే చప్పట్లు కొట్టాలట. 1778లో పారిస్‌లో తన సింఫొనీ మధ్యలోనే శ్రోతలు చప్పట్లు కొట్టారని మొజార్ట్ తండ్రికి ఎంతో సంతోషంగా ఉత్తరం రాశాడు. ఈ మౌనం తరువాత వచ్చిన అలవాటు. నాకు ఆ రాత్రి అది బరువుగానే ఉంది. మంచి సంగతి పడితే ‘భళా’ అనే గొంతుతో పెరిగినదాన్ని.

రెండోది మన వాళ్ళ కర్ణాటక కచేరీయే. అదీ చెల్లుతుందన్నారు. గాయని వెనుకే వయొలిన్ నీడలా వస్తూ, అదే బాటలో కాస్త ఆలస్యంగా, కాస్త వేరుగా నడుస్తోంది. అలా ఒకే బాణీని ఇద్దరు ఒకేసారి వేరువేరుగా పలకడానికి వాళ్ళ పుస్తకంలో హెటెరోఫొనీ అనే పేరుంది. ఆ పేరు తెలిశాకే ఆ ఇద్దరి మధ్యనున్న సందు నాకు వినిపించింది.

మొత్తం ఖర్చు పెట్రోలు కాక 435 డాలర్లు. వారానికి మూడు గంటల తరగతి అనుకుని చేరితే ఇంటి దగ్గర మరో తొమ్మిది గంటలు పట్టింది. థాంక్స్‌గివింగ్ సెలవుల్లో అమ్మాయి వచ్చి నాకు పరీక్ష పెట్టింది. వరస మార్చి మార్చి ముక్కలు వినిపించి, నేను రాసినవి దిద్దింది.

డిసెంబరు 9న చివరి పరీక్ష. మొదట ఇరవై అయిదు ముక్కలు. తరువాత, తరగతిలో ఎన్నడూ వినిపించని పాట ఒకటి మూడుసార్లు పెట్టి, ఇరవై నిమిషాల్లో వినిపించింది రాయమన్నారు. ఏ దేశానిదో రాయనక్కరలేదు. మగవాళ్ళ గొంతులు. వాద్యాలు లేవు. కింద చాలామంది కలిసి ఒకే స్వరం నిలబెట్టారు, తంబురా లాగా. దాని మీద ఇద్దరు, ఒకరి తరువాత ఒకరు, పొడవాటి పలుకులతో, మెలికలు తిప్పుతూ పాడుతున్నారు. మొదటిసారి అంతే విన్నాను. శ్రుతి, దాని మీద గానం, నాకు తెలిసిన లోకం. రెండోసారి పైవాళ్ళిద్దరినీ వదిలేసి అడుగు గొంతు ఒక్కటే పట్టుకున్నాను, పదకొండు సాయంత్రాలు చేసినట్టు. అప్పుడు వినిపించింది. ఆ శ్రుతి నిలకడగా లేదు. పలుకు చివరికి వచ్చేసరికి ఒక మెట్టు కిందికి దిగింది, అక్కడ కాసేపు నిలబడి, మళ్ళీ పైకి వచ్చింది. అది దిగినప్పుడల్లా పైనున్న స్వరాల రంగు మొత్తం మారిపోతోంది. మూడోసారి లెక్కపెట్టాను. నాలుగుసార్లు దిగింది.

‘శ్రుతి కదులుతోంది’ అని రాశాను.

చివరి పరీక్షలో 88, మొత్తం మీద బీ గ్రేడు. 17న కాగితం చూసుకోవడానికి మాస్టారి గదికి వెళ్ళాను. అది జార్జియా దేశంలో, కాకెతీ ప్రాంతంలో విందు బల్ల దగ్గర పాడుకునే పాట అట. నేను రాసిన ఆ వాక్యం కింద ఆయన రెండు గీతలు గీశారు. మళ్ళీ వింటారా అని అడిగారు. కూర్చున్నాను.